లెగ్గింగు ఆదిగా పెట్టి కోసిన ఖాకీ ప్యాంటు

ప్రసూతి సెలవు అయిపోవచ్చింది, ఇక డ్యూటీలో చేరాలి కదా అని బీరువాలోంచి ఖాకీ ప్యాంటు తీశాను. మోకాళ్ల దాకా మంచిగానే ఎక్కింది. తొడల దగ్గర కాసేపు బతిమాలించుకుంది. నడుము దగ్గరికొచ్చాక గుండీకీ కాజాకీ మధ్య నాలుగు వేళ్ల దూరం మిగిలింది. ఊపిరి బిగబట్టి లాగితే మూడు వేళ్లయింది. గుండీ పట్టుకుని ఇంకా లాగేసరికి అది ఊడి మంచం కిందికి దొర్లిపోయింది. తొట్టెలలో ఉన్న నా బిడ్డ అది చూసి నవ్వింది. ఆరు నెలల పిల్లకు ఎప్పుడు నవ్వాలో తెలియదు.

నేను ఫారెస్టు బీట్ ఆఫీసర్ని. పినపాక అవతల అడవిలో ఒక ముక్కకు కాపలా మనిషినన్నమాట. ఆ ముక్కలో నడవాలి, చెట్లు కొట్టకుండా చూడాలి, నిప్పు అంటుకుంటే ఆర్పాలి, జంతువుల అడుగులు చూసి రాసుకోవాలి. ఉద్యోగమొచ్చిన కొత్తలో చాలా మంది జాలిపడ్డారు. నాకు మాత్రం ఆ పని ప్రాణం. ఏ ఇప్పచెట్టు ముందు పూస్తుందో, ఏ వాగులో వేసవిలో కూడా మోకాటి లోతు నీళ్లుంటాయో నాకు తెలుసు. సెలవులో ఉన్న రోజుల్లో పక్క బీటు ఆయన నా బీటు కూడా చూసుకున్నాడు. ఫోన్ చేసి అడిగితే "అంతా మంచిగనే ఉంది మేడం" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నేను లేకుండా అంతా మంచిగా ఎట్లా ఉంటుంది?

అసలు భయం వేరే ఉంది. రేంజ్ ఆఫీసులో రిజిస్టర్లు రాసే కుర్చీ ఒకటి ఖాళీ అయింది. మా సెక్షన్ ఆఫీసర్ పెద్దాయన, మంచివాడు. ఆ మంచితనంతోనే నా పీకల మీదికి తెచ్చాడు. సెలవు ముగిసేముందు ఇంటికొచ్చి, పిల్ల చేతిలో యాభై రూపాయలు పెట్టి, "పసిపిల్ల తల్లివి. ఎండల, వానల ఎక్కడ తిరుగుతవమ్మా? మంచిగ ఆఫీసుల కూసో" అన్నాడు.

"నేను బీటుకే పోత సార్," అన్నాను.

ఆయన లేస్తూ, "సరే, డ్యూటీల చేరే సోమవారం నాతోని వాగు దాకా నడువు. నడవగలిగితే నీ బీటు నీకే. లేదంటే కుర్చీ ఉండనే ఉంది," అన్నాడు.

ఆ కుర్చీ సంగతి నాకు తెలుసు. అందులో ఒకసారి కూర్చున్నవాళ్లను మళ్లీ ఎవరూ లేపరు. ఆరు నెలలని కూర్చోబెడతారు, ఆరేళ్లకు కూడా అక్కడే ఉంటాం.

ఆయన వెళ్లాక మా అత్తమ్మ కూడా అదే పాట అందుకుంది. "కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, ఇంటి పక్కనే ఆఫీసు. పిల్ల ఏడిస్తే నేను తీసుకొస్త. ఇంకేం కావాలె నీకు?"

"ఫ్యాను కింద నాకు నిద్రొస్తది అత్తమ్మా," అన్నాను.

"నిద్రొస్తే పండుకో. గవర్నమెంటు నౌకరి గద," అంది.

ఆమె వాదన అంత తేలిగ్గా కొట్టేయగలిగేది కాదు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. ఆ రోజు నుంచి సోమవారం నడక గురించి ఇంట్లో నేను ఎత్తలేదు, ఆమె అడగలేదు. మా ఆయన పని వైరాలో. వారానికి ఒకసారి వచ్చి, ఇద్దరి మొహాలు చూసి, పిల్లనెత్తుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు. తెలివైన మనిషి.

కొత్త ప్యాంటు కోసం ఖమ్మం వెళ్లాను. యూనిఫారాలు అమ్మే కొట్టతను ఆడవాళ్ల సైజులు లేవన్నాడు. మగవాళ్ల వాటిలోనే నా నడుముకు పడతాయంటూ రెండు జతలు తీసిచ్చాడు. ఆ ప్యాంటు ఎవరిని మనసులో పెట్టుకుని కుట్టారోగానీ, ఆ మనిషి ఆరడుగులుండి రెండు పూటలా బిర్యానీ తినేవాడై ఉండాలి. నడుము రెండు చేతుల వదులు. కాళ్లలో ఒక్కోదాంట్లో బస్తా వడ్లు పోయొచ్చు.

"ఉతికితే దగ్గరికొస్తది మేడం," అన్నాడు.

మూడుసార్లు ఉతికాను. రంగు పోయింది, ప్యాంటు మాత్రం ఒక్క ఇంచు దగ్గరికి రాలేదు. బెల్టు బిగిస్తే నడుం చుట్టూ చీర కుచ్చిళ్లలాగా మడతలు లేచాయి. పినపాకలో టైలర్ దగ్గరికి పట్టుకుపోతే పెళ్లిళ్ల సీజన్, జాకెట్లు తప్ప వేరే గుడ్డ ముట్టనన్నాడు. రెండు వారాలాగి రమ్మన్నాడు. అప్పటికి శనివారం.

ఇక్కడొక మాట చెప్పాలి. మా అత్తమ్మకు కుట్టుమిషను ఉంది. తొక్కుడు మిషను, నల్లది, ఆమె పెళ్లప్పటిది. మా వీధిలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. నోరు తెరిచి అడిగితే గంటలో పనైపోయేది. నేను అడగలేదు. అడిగితే, "ప్యాంటే పట్టని దానివి అడవి పట్టుకొని తిరుగుతవా? కుర్చీల కూసో" అంటుందని నాకు నేనే ఊహించుకున్నాను. ఊహించుకుని, ఆమె అనని ఆ మాటకు రెండు రోజులు కోపంగా కూడా ఉన్నాను.

ఆదివారం ఆమె అంగడికి వెళ్లింది. ఆ వెళ్లిన రెండు గంటల్లో నా ప్యాంటు నేనే చిన్నగా చేసుకుందామని మిషను మీది గుడ్డ తీశాను. కుట్టడం నాకు రాదని కాదు. నాలుగేళ్లుగా ఆమె పక్కన కూర్చుని చూస్తున్నాను. చూడటానికీ రావటానికీ మధ్య ఉన్న దూరం ఆ రోజు దాకా నాకు తెలియదు.

మా వైపు ఆడవాళ్లం టైలర్ దగ్గరికి కొలతలు రాసుకుని వెళ్లం. మనకు బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి పట్టుకుపోతాం. దాన్ని ఆది అంటాం. కొత్త గుడ్డ మీద ఆది జాకెట్టు పరిచి, చుట్టూ సుద్దతో గీసి, గీత వెంబడి కత్తిరించడమే. అత్తమ్మ ఎన్ని వందలసార్లు అట్లా చేయగా చూశానో లెక్క లేదు. కాబట్టి నాకూ ఇప్పుడొక ఆది కావాలి. నాకు బాగా కుదిరిన ప్యాంటు ఏదని ఆలోచించాను. పాత ఖాకీ పట్టదు. మా ఆయన ప్యాంట్లు పనికిరావు. ఇంట్లో నాకు చక్కగా కుదిరినది ఒక్కటే, అంగడిలో కొన్న నల్ల లెగ్గింగు. కాన్పైనప్పటి నుంచీ అదే నా దిక్కు. ఒళ్లు పెరిగినా తగ్గినా కిక్కురుమనలేదు.

దాన్ని నేల మీద పరిచాను. చాలా సన్నగా కనబడింది. కనీసం అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. "అరె, నేను ఇంత సన్నగానే ఉన్నానా!" అని సంతోషం వేసింది. అద్దంలో కనబడేదంతా అద్దం తప్పని నిర్ణయానికొచ్చాను.

ఖాకీ లెగ్గింగులాగా సాగదని నాకు మాత్రం తెలియదా? తెలుసు. అందుకే చుట్టూ రెండు వేళ్లు ఎక్కువ పెట్టి గీత గీశాను. ఆ రెండు వేళ్లతో విషయం తేలిపోయిందని నా నమ్మకం.

మిషను ముందు కూర్చోగానే పిల్ల లేచి ఏడుపందుకుంది. తొట్టెల ఊపుదామని లేస్తే పని ఆగుతుంది, పని చేద్దామని కూర్చుంటే ఏడుపు ఆగదు. అప్పుడొక గొప్ప ఉపాయం తట్టింది. తొట్టెల తాడు తెచ్చి మిషను తొక్కే పలకకు కట్టాను. తొక్కుతుంటే మిషను కుడుతుంది, తొట్టెల ఊగుతుంది. పిల్ల ఏడుపు ఆపి కేరింతలు కొట్టింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

చిక్కేమిటంటే, మిషను ఆగితే తొట్టెల ఆగుతుంది, తొట్టెల ఆగితే పిల్ల గుక్కపెడుతుంది. కాబట్టి నేను ఆగలేదు. మధ్యలో ఆపి, తొడుక్కుని చూసి, సరిచేసుకోవడం అనేది ఆ ఏర్పాటులో కుదరదు. కుడికాలు పొడవునా కుట్టేశాను. ఎడమకాలు పొడవునా కుట్టేశాను. పిల్ల ఇంకా నిద్రపోలేదని కుట్టిన కుట్టు మీదే రెండోసారి కుట్టాను. అంత మందపు గుడ్డకు రెండు సూదులు విరిగాయి. విరిగిన ముక్కలు తీసి దాచిపెట్టాను. నడుము వెనక పట్టి లోపలికి తీసేసరికి వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి. పిల్ల నిద్రపోయింది. అత్తమ్మ వచ్చే వేళవుతోందని, తొడుక్కుని చూడకముందే మిగిలిన గుడ్డంతా కత్తిరించి పొయ్యి దగ్గర పాత గుడ్డల్లో కలిపేశాను. తప్పు దిద్దుకునే దారి కూడా అట్లా నేనే శుభ్రంగా కోసి పారేశాను.

ప్యాంటు ఎక్కించడానికి మంచం మీద వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. ఎక్కింది. గుండీ పడింది. లేచి నిలబడి అద్దంలో చూసుకుంటే, నిజం చెప్పాలంటే, అదిరింది. అంత బాగా కుదిరిన యూనిఫారం మా రేంజిలో ఎవరికీ లేదు. నిలబడి ఎడమవైపు చూసుకున్నాను, కుడివైపు చూసుకున్నాను.

అప్పుడే అత్తమ్మ కూరగాయల సంచీతో లోపలికొచ్చింది. తలుపు దగ్గర ఆగి నన్ను కింది నుంచి మీదికి చూసింది. మిషను వైపు చూసింది. తొట్టెల తాడు ఎక్కడ కట్టి ఉందో చూసింది.

"కూసొని చూసినవా?" అంది.

"అడవికి పోయేది కూసునేతందుకా అత్తమ్మా?" అన్నాను.

ఆమె వంకాయలు బుట్టలో పోసుకుంది.

సోమవారం పొద్దున నన్ను తీసుకుపోవడానికి వాచర్ బండి మీద వచ్చాడు. వాచర్ అంటే అడవిలో మాతో పాటు తిరిగే మనిషి, దగ్గర్లోని గూడెం ఆయనే, మా నాన్న వయసు. బండెక్కుదామని కాలెత్తాను. కాలు మోకాలి ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం ఎత్తితే ఏదో ఒక వైపు పోతుందని ప్యాంటు చిన్నగా హెచ్చరించింది. ఏం చేస్తాను, చీర కట్టుకున్నట్టు ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను.

అడవి మొదట్లో ఎదురుచూస్తున్న సెక్షన్ సారు అది చూశాడు. "యూనిఫారంల ఉండి గట్ల అడ్డం కూసున్నవేందమ్మా?"

"బ్యాలెన్స్ సార్," అన్నాను.

నడక మొదలైంది. నా అడుగు జానెడు దాటటం లేదు. సారు పది అడుగులు వేసేలోపు నేను పాతిక వేయాలి. గబగబా వేశాను. చిన్న చిన్న అడుగులతో, చేతులూపుకుంటూ, తరిమితే పరిగెత్తే కోడిలాగా పోతున్నాను. సారు వెనక్కి తిరిగి చూసి, నాకోసం నిదానించాడు. ఆ నిదానం ఎటు దారితీస్తుందో నాకు తెలుసు.

దారికడ్డంగా ఒక మద్దిచెట్టు పడి ఉంది. సారు దాటాడు, వాచర్ దాటాడు. నేను ఆ మొద్దు దగ్గర నిలబడి, దాని ఎత్తు చూసి, నా ప్యాంటు తలచుకుని, చుట్టూ తిరిగి వస్తానన్నాను. ఆ చుట్టూలో పరికి ముళ్ల పొద ఉంది. చేతులు గీసుకుపోయి అవతల తేలేసరికి వాళ్లిద్దరూ మొద్దు మీద కూర్చుని నాకోసం చూస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ జాలి.

వాగు ఒడ్డుకు చేరాం. బురదలో అడుగులు పడి ఉన్నాయి. సారు మోకాళ్ల మీద వంగి చూసి, "చిరుత," అన్నాడు. వాచర్ ఏమీ అనలేదు. అడుగు కొలిచి, పుస్తకంలో రాయటం బీట్ ఆఫీసర్ పని. ఇద్దరూ నా వైపు చూశారు.

కొలవటమంటే కూర్చోవాలి. నేను జేబులోంచి టేపు తీసి, నిటారుగా నిలబడి, దాన్ని పైనుంచి కిందికి వేలాడదీశాను.

సారు లేచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించి, "కాన్పు ఆపరేషన్ గిట్ల అయిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సార్, మామూలు కాన్పే."

"మరి ఇంక నొప్పులున్నట్టున్నయి. చెప్తలేవు. తప్పు నాది, నడువుమన్నందుకు. ఇంటికి పోదాం పా. ఆఫీసుల కూసో, ఆర్నెల్లే గద."

ఆర్నెల్లు. ఆ మాట వినగానే నా కళ్ల ముందు ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ రిజిస్టర్లు కనబడ్డాయి. ఒంట్లో ఏ నొప్పీ లేదు, అట్లాంటి నన్ను ఒక లెగ్గింగు తీసుకుపోయి అందులో కూర్చోబెట్టబోతోంది. ఏడుపొచ్చింది. ఇద్దరు మగవాళ్ల ముందు ఈ సంగతి చెప్పడమెట్లా అని ఒక్క నిమిషం సిగ్గుపడ్డాను. సిగ్గుపడితే బీటు పోతుంది. చెప్పేశాను.

"సార్, తప్పు నా ఒంట్ల లేదు. ప్యాంటుల ఉంది."

"ఏంది?"

మొత్తం చెప్పాను. ఖమ్మం కొట్టు, బస్తాల్లాంటి కాళ్లు, ఆది, లెగ్గింగు, తొట్టెల తాడు, అన్నీ. లెగ్గింగు దగ్గరికొచ్చేసరికి వాచర్ మొహం తిప్పుకుని ఆకాశంలో పిట్టల్ని చూడటం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. సారుకు ఆది అంటే ఏమిటో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

చెప్పటం అయిపోయాక, ఇక పోయేదేముందని, బురద ముందు గొంతుక్కూర్చున్నాను. బట్టలకొట్టులో మీటరు గుడ్డ చింపితే ఎట్లా వినిపిస్తుందో అట్లా వినిపించింది. ముందు నుంచి వెనక దాకా, ఎక్కడా ఆగకుండా. రెండుసార్లు కుట్టిన నా కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు, దాని పక్కన గుడ్డ పోయింది. వాచర్ తిరిగి చూడకుండానే తల మీది తువ్వాలు తీసి వెనక్కి అందించాడు. దాన్ని నడుముకు చుట్టి ముడేసుకున్నాను. పొద్దుట్నుంచి మొదటిసారి నా మోకాళ్లు హాయిగా వంగాయి.

అంత దగ్గరగా కూర్చుంటే అడుగు స్పష్టంగా కనబడింది. వేళ్ల ముందు నాలుగు చిన్న గుంటలు.

"చిరుత కాదు సార్. గోర్లు పడ్డయి చూడుండ్రి. చిరుత గోర్లు లోపలికి పెట్టుకొని నడుస్తది. ఇది కుక్క."

సారు వంగి చూశాడు. వాచర్ అప్పుడు నోరు విప్పాడు. "అవ్ సార్. మా ఇంటిదే."

"మరి ఇందాక చెప్పకపోతివి?"

"మేడం చెప్తదని ఆగిన," అన్నాడు ఆయన.

తర్వాత వాగు దాటాం. తువ్వాలు ఎగ్గట్టి ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి నేనే ముందు దూకాను. అవతలి గట్టు మీద పాత గుర్తులు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎంత సంతోషమైందో చెప్పలేను. తిరిగొచ్చేటప్పుడు మద్దిమొద్దు మీంచి కాలేసి దాటాను. సారు నా వెనక ఆయాసపడుతూ వచ్చి, బండి దగ్గర నిలబడి, పుస్తకంలో నా పేరు ఎదురుగా బీటు పేరు రాశాడు. ప్యాంటు సంగతి ఆఫీసులో చెప్పనని మాటిచ్చాడు. సాయంత్రానికి రేంజి అంతా తెలిసిపోయింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని అరుగు మీద ఉంది. నా నడుముకున్న తువ్వాలు చూసింది. లోపలికి పోయి చీర మార్చుకుని, చినిగిన ప్యాంటు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. నా కుట్టు మీద వేలు పెట్టి రాసింది.

"నన్నెందుకు అడగలే?" అంది.

"నువ్వు ఆఫీసుల కూసో అంటివి గద అత్తమ్మా."

"అవ్, అన్న. ఇప్పుడు గూడ అంట. గని, ప్యాంటు కుట్టనంటినా?"

రెండు రోజులు ఆమె అనని మాటల మీద కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసింది. పిల్లను ఎత్తుకుని ఆ సిగ్గును పిల్ల వెనక దాచుకున్నాను.

అత్తమ్మ లేచి రెండో ప్యాంటు తీసుకుంది. నన్ను నిలబెట్టి టేపు చుట్టింది, కూర్చోబెట్టి చుట్టింది, ఒక కాలు స్టూలు మీద పెట్టించి మళ్లీ చుట్టింది. మిషను ముందు కూర్చుని, కత్తెర ముట్టకుండా, ఎక్కువైన గుడ్డంతా లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో వైపు నాలుగేసి వేళ్ల గుడ్డ లోపల ఉండిపోతోంది.

చూసి చూసి ఆగలేకపోయాను. "గంత గుడ్డ లోపల ఎందుకు అత్తమ్మా, బరువు. కోసెయ్."

"ఎన్నేండ్లు తిరుగుతవ్ అడవిల?"

"రిటైరయ్యేదాంక."

"మరి అప్పటిదాంక నీ ఒళ్లు గిట్లనే ఉంటదా?" అని, తల ఎత్తకుండా మిషను తొక్కింది.